గోడ మీద పెట్టిన గుడ్లు

మా ఇంటికీ పక్కింటికీ మధ్య నడుమెత్తు గోడ ఒకటుంది. మైపాడు ఉప్పుగాలికి సిమెంటు పెచ్చులూడిపోయి ఇటుకలు బయటపడ్డాయి. ఒకచోట రెండు ఇటుకలు జారిపోయి దోసెడంత గుంట ఏర్పడింది. కిందటేడు వానల్లో రోజూ పొద్దున్నే ఆ గుంటలో నేనొక నాటుకోడి గుడ్డు పెట్టేదాన్ని. కాసేపటికి పక్కింటావిడ వచ్చి తీసుకెళ్ళేది. వాళ్ళమ్మాయి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది, గుడ్డు ఆ అమ్మాయి కోసం. వినడానికి ఎంత బాగుందో చూడండి. జరిగింది జరిగినట్టు రాస్తే ఇంత బాగుండదు.

ముందు నా సంగతి చెప్పాలి. మాది లోపలి పల్లె, వరి పండించుకునే ఇల్లు. మా ఆయన రొయ్యల గుంటలు మొదలుపెట్టాక సముద్రం పక్కకి వచ్చి పడ్డాం. ఆయన తెల్లారి లేస్తే గుంటల దగ్గరే. ఇంట్లో నాకున్న కాలక్షేపం కోళ్ళు. పదిహేను పెట్టలు, రెండు పుంజులు. వాటితో పాటు నాకొక నోరు కూడా ఉంది. ఎక్కడ ఏ తప్పు కనబడినా ఆ నోరు ఊరుకోదు. వీధిలో కుళాయి దగ్గర బిందెల వరస తప్పినా, ఎవరైనా చేపల పొట్టలు దారిలో పారేసినా, తీర్పు చెప్పడానికి నేను తయారు. నా మాటకు అందరూ సరేననేవాళ్ళు. అది గౌరవమనుకునేదాన్ని.

పక్కింటావిడ నాకంటే నాలుగేళ్ళు పెద్దదే. అయినా నన్ను అక్కా అనే పిలుస్తుంది, నేనూ ఆమెని అక్కా అనే అంటాను. ఎవరు పెద్దో తేల్చుకోవాల్సిన అవసరం మా ఇద్దరికీ ఎప్పుడూ రాలేదు. వాళ్ళాయన పడవ మీద వేటకు పోతాడు. ఆమె చేపల గంప ఆటోలో పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి అమ్ముకొస్తుంది. గంపలో మిగిలినవాటిలో మంచివి ఏరి, ఆ గోడ గుంటలో పెట్టి, "అక్కా, చేపలు పెట్టినా, పిల్లి తినకముందే తీసుకో" అని కేకేసేది. మేమొచ్చినప్పటి నుంచీ అంతే.

ఆమెకీ కోళ్ళుండేవి. ఆరు పెట్టలు, ఒక పుంజు. ముందటేడు వానలు ముదిరినప్పుడు వాటికి జబ్బు చేసింది. ముక్కులు కారేవి, కళ్ళు ఉబ్బేవి, నోరు తెరిచి గొంతులో బుడబుడమని గురకపెట్టేవి. ఆమె వెల్లుల్లి దంచి, పసుపు కలిపి, ఒక్కో కోడినీ ఒళ్ళో పెట్టుకుని మింగించేది. నాకు గోడ ఇవతల నుంచి చూస్తుంటే ఒళ్ళు మండింది. ఒకరోజు పొద్దున వీధిలో నలుగురూ ఉండగానే అడిగేశాను.

"ఏందక్కా, ఇంకా ఎన్నాళ్ళు పెట్టుకుంటావు వాటిని?"

"వెల్లుల్లి పెడతా ఉండా అక్కా. రెండ్రోజుల్లో తగ్గతాయిలే."

"వెల్లుల్లికి తగ్గేదైతే పశువుల డాక్టర్లెందుకు? అది కొక్కెర తెగులు. ఒకదానికొస్తే వీధి వీధంతా ఊడ్చుకుపోతుంది. నీ ఏడు కోళ్ళ కోసం అందరి కోళ్ళూ చావాలా?"

కొక్కెర అనే మాట వినగానే పక్కనున్న ఆడవాళ్ళు కూడా నాతో గొంతు కలిపారు. కొక్కెరకు మందు లేదని, కోళ్ళు పెంచేవాళ్ళకి దాని పేరు చెబితేనే భయమని అందరికీ తెలుసు.  ఆ సాయంత్రం ఆమె ఏడింటినీ తన చేత్తోనే కోసి, పెరట్లో కొబ్బరిచెట్టు కింద గుంత తీసి పూడ్చేసింది. చేతులు కడుక్కుని గోడ దగ్గరకొచ్చి, "అయిపోయిందిలే అక్కా. ఇంక నీ కోళ్ళకి భయం లేదు" అంది. నేను, "మంచి పని చేశావు" అన్నాను. నిజంగా ఆ మాటే అన్నాను.

నా కోళ్ళకి ఆ ఏడు ఏమీ కాలేదు. వీధిని నేనే కాపాడానని రెండు మూడు చోట్ల చెప్పుకున్నాను కూడా.

ఆమె మళ్ళీ కోళ్ళను పెట్టలేదు. ఏడాది తిరిగేసరికి కూతురికి ఏడో నెల వచ్చింది. సీమంతానికి నన్నూ పిలిచారు. గాజులు తొడిగి, చలిమిడి పెట్టి, అందరూ అక్షింతలు వేసి దీవిస్తుంటే నాకు పెద్దరికం ముంచుకొచ్చింది. "బిడ్డ బయటికొచ్చిందాకా రోజుకో నాటుగుడ్డు నాది. ఈ పిల్ల ఒంటికి పట్టేటట్టు చూసే పూచీ నాది" అని అందరి ముందూ ప్రకటించాను. మనసులో ఏ మూలో ఆ ఏడు కోళ్ళు ఉండే ఉంటాయి. పక్కింటావిడ నా చేతులు రెండూ పట్టుకుంది. మర్నాటి నుంచే గోడ మీద గుడ్డు పెట్టడం మొదలుపెట్టాను.

ఇరవై రోజులు సజావుగా సాగింది. తర్వాత ముసురు పట్టింది. నాలుగు రోజులు ఎండ మొహం చూడలేదు. ఐదో రోజు గూడు తలుపు తీసేసరికి లోపల నుంచి బుడబుడమని గురక వినబడింది.

ఒక తెల్ల పెట్ట కళ్ళు వాచి కూర్చుని ఉంది. ఇంకో రెండు తుమ్ముతున్నాయి. ఆ క్షణంలో నాకు కోళ్ళ మీద జాలి కలిగిందని రాస్తే అబద్ధమవుతుంది. నేను ముందు చూసింది గోడ వైపు. ఆమె పెరట్లో లేదు. గబగబా కోళ్ళన్నిటినీ రొయ్యల మేత బస్తాలుండే గదిలోకి తోలి తలుపేశాను. హాల్లోకొచ్చి టీవీ పెట్టి సౌండు పెంచాను. నలుగురిలో నేనన్న మాటలు నాకే తిరిగొస్తాయని భయం. నీ కోళ్ళ కోసం అందరివీ చావాలా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పను?

మర్నాడు చీర కొనాలని చెప్పి నెల్లూరు బయలుదేరాను. జబ్బు పెట్టను గుడ్డసంచిలో కూర్చోబెట్టి, పైన తువాలు కప్పి, ఆటోలో కాళ్ళ దగ్గర పెట్టుకున్నాను. అది గురకపెట్టినప్పుడల్లా నేను దగ్గేదాన్ని. పక్కనున్న ఆమె పాపం, "వాన నీళ్ళలో తడిసినట్టుండావు, మిరియాల కషాయం తాగమ్మా" అని సలహా ఇచ్చింది.

పశువుల ఆసుపత్రిలో డాక్టరుగారు కోడి నోరు తెరిచి చూసి, రెట్ట ఎలా ఉందని అడిగి, మెడ నిమిరి చూశారు.

"కొక్కెర కాదమ్మా. కొక్కెరైతే పచ్చగా పారతాయి, మెడలు తిరిగిపోతాయి, రెండు మూడు రోజుల్లో టపటపా పడిపోతాయి. ఇది గురక జబ్బు. వానల్లో, చెమ్మలో వస్తుంది. మందు పడితే తగ్గిపోతుంది."

అని ఒక సీసా రాసిచ్చారు. ఐదు రోజులు తాగే నీళ్ళలో కలపమన్నారు. తర్వాత వేలు చూపించి మరీ చెప్పారు. "మందు వాడినన్నాళ్ళూ, ఆపాక ఇంకో పది రోజులూ గుడ్లు తినకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు. మందు గుడ్లోకి దిగుతుంది. పసిపిల్లలకి, కడుపుతో ఉన్నవాళ్ళకి అసలే పెట్టకూడదు." మేం రొయ్యల గుంటలవాళ్ళమని తెలిశాక నవ్వి, "అయితే మీకు నేను చెప్పాల్సిన పనే లేదు" అన్నారు.

నిజమే. గుంటల మీద బతికేవాళ్ళకి ఈ సంగతి కొట్టిన పిండి. రొయ్యలు పట్టడానికి ముందు కొనేవాళ్ళ తరఫు మనిషి వచ్చి గుంటలో నాలుగు చోట్ల రొయ్యలు తీసి, ఐసులో పెట్టి పరీక్షకు తీసుకెళ్తాడు. మందు ఆనవాలు కనబడిందా, సరుకు వద్దంటారు. అందుకని ఏ గుంటలో ఏం పడిందో మా ఆయన కంటే నాకే ఎక్కువ గుర్తు. పనివాళ్ళెవరైనా తెలియని పొడి తెచ్చి చల్లబోతే మీద పడి లాక్కునేదాన్ని.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఇంకో లెక్క తేలింది. పక్కింటావిడ కోళ్ళకి మెడలు తిరిగాయా? లేదు. పచ్చగా పారాయా? లేదు. పది రోజులు గురకపెట్టాయి, ఒక్కటి కూడా చావలేదు. ఒక్క సీసా మందుతో అన్నీ కోలుకునేవి. ఆ ఏడింటికీ జబ్బు పేరు పెట్టింది డాక్టరు కాదు, నేను.

ఇల్లు చేరాక మందు కలిపి పెడితే చేదుకు కోళ్ళు ముట్టలేదు. సూది తీసేసిన సిరంజితో ఒక్కోదాన్నీ ఒళ్ళో పెట్టుకుని ముక్కు తెరిచి చుక్కలు వేయాల్సి వచ్చింది. పదిహేడు కోళ్ళు, పూటకు గంట. వెల్లుల్లి మింగిస్తూ ఆమె ఎలా కూర్చునేదో నేనూ అలాగే కూర్చున్నాను, కాకపోతే తలుపు గడియ వేసుకుని.

మూడు నాలుగు పెట్టలు ఆ జబ్బులోనే గుడ్లు పెడుతున్నాయి. మందు మొదలుపెట్టిన మర్నాడు పొద్దున ఒక గుడ్డు చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. పెట్టకపోతే ఎందుకు పెట్టలేదని ఆమె అడుగుతుంది. వానలకు గుడ్లు తగ్గాయని అంటే సరిపోయేది. అంత చిన్న అబద్ధం కూడా ఆడలేకపోయాను. గుడ్డు రాలేదంటే కోళ్ళను చూడ్డానికి వస్తుందేమో, వస్తే గురక వినబడుతుందేమో అని భయం. ఒక్క గుడ్డుకు ఏమవుతుందిలే అనుకుని గోడ మీద పెట్టేశాను. రెండో రోజు రెండో గుడ్డు పెట్టాను. మూడో రోజుకు ఏమీ అనుకోవాల్సిన అవసరం కూడా లేకపోయింది.

ఇక్కడే అసలు సిగ్గుమాలిన సంగతి ఉంది. మా ఇంట్లో మాత్రం గుడ్డు వండలేదు. ఒకరోజు మా ఆయన చారన్నంలోకి ఆమ్లెట్ వేయమన్నాడు.

"కోళ్ళకి మందేస్తున్నా. ఇంకో పది రోజులు గుడ్డు మాటెత్తొద్దు."

"మరి గుడ్లేం చేస్తుండావు?"

"పారేస్తున్నా" అన్నాను, ఆయన కంచంలో చారు పోస్తూ.

ఆ వారంలోనే పరీక్ష మనిషి గుంటలకు వచ్చాడు. నేను టీ తీసుకెళ్ళాను. మా ఆయన ఛాతీ ముందుకు పెట్టి, "మా గుంటల్లో మందు చుక్క కూడా పడదు సార్. కావాలంటే ఈమెనడగండి, ఈమె పడనివ్వదు" అని నన్ను చూపించాడు. ఎక్కడో దేశం కాని దేశంలో ఎవరో తినబోయే రొయ్యకి నేను కాపలా. గోడ అవతల పిల్ల తినే గుడ్డుకు పరీక్ష మనిషి లేడు. టీ గ్లాసులు తీసుకుని తలదించుకుని వచ్చేశాను. అయినా మర్నాడు పొద్దున గుడ్డు పెట్టాను.

మందు మొదలయ్యాక పదో గుడ్డో పదకొండోదో పెట్టిన రోజు, మధ్యాహ్నం భోజనాల వేళ పక్కింట్లో నుంచి కేక వినబడింది. అమ్మాయికి వాంతులు, కడుపులో నొప్పి. ఆ పిల్ల తండ్రి వేటకు పోయి ఉన్నాడు. ఆటో పిలిచి నేనూ ఎక్కాను. దారంతా ఆ పిల్ల తల నా భుజం మీదే ఉంది. ఎనిమిదో నెల కడుపు మీద చెయ్యి వేసి, "పెద్దమ్మా, బిడ్డకేం కాదు గదా" అని అడిగింది. ఏం కాదమ్మా అన్నాను. 

నెల్లూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ మంచం పక్కన నిలబడి అడిగింది.

"రెండు మూడు రోజులుగా ఏమేం తిన్నది? కొత్తగా ఏదైనా? మందులేమైనా వాడిందా?"

పక్కింటావిడ చెప్పింది. "రోజూ తినేదే తల్లీ. అన్నం, చేపల పులుసు, ఆకుకూర. మీరిచ్చిన ఐరన్ బిళ్ళలు."

గుడ్డు మాట ఆమె ఎత్తలేదు. చెప్పడం ఆపి నా వైపు తిరిగి చూసింది. డాక్టరమ్మ కూడా ఇంకేమైనా ఉందా అన్నట్టు నా మొహం చూసింది. నోరు తెరిస్తే చాలు. వీధిలో బిందెల వరస తప్పితే తెరుచుకునే నోరు, రోజూ తీర్పులు చెప్పే నోరు, అప్పుడు తెరుచుకోలేదు. నేను తలుపు వైపు చూశాను. గుడ్డు సంగతి ఆమె మర్చిపోయిందని అనుకున్నాను. మర్చిపోయినందుకు లోపల్లోపల సంతోషపడ్డాను కూడా.

నీళ్ళు సరిగ్గా తాగక మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చిందని పరీక్షల్లో తేలింది. సెలైన్ ఎక్కించి, మందులిచ్చి సాయంత్రానికి పంపించేశారు. గుడ్డుకు సంబంధం లేదు. ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన నెమ్మది ఆ పిల్ల కోసమా, నా కోసమా అని ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను. మర్నాటి నుంచి గుడ్డు పెట్టలేదు. వానలకు కోళ్ళు గుడ్లు మానేశాయని చెప్పాను. అంత తేలిగ్గా వచ్చింది ఆ మాట. "సర్లే అక్కా" అంది ఆమె.

నా కోళ్ళలో రెండు పోయి మిగతావన్నీ కోలుకున్నాయి. నెలన్నర తర్వాత ఆ అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. బొద్దుగా ఉందని, నా నాటుగుడ్ల చలవేనని వీధిలో అందరూ అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. పిల్లను చూడ్డానికి పోవడం, చేతిలో పెట్టబోతే జలుబు చేసిందని తప్పించుకోవడం, ఇలా నెల గడిచింది. అన్నం సయించేది కాదు. ఇక ఉండలేక ఒక మధ్యాహ్నం, బాగా కోలుకున్న వాటిలో పడుచు పెట్టనొకదాన్ని చంకలో పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను.

బాలింతకు పాలు పడతాయని ఆమె సొరచేపతో పుట్టు చేస్తోంది. ఉడికించిన సొర ముక్కల తోలు తీసి, కండ చిదుముతోంది. అమ్మాయి, పసిపిల్ల లోపల నిద్రపోతున్నారు. "బాలింతకి కోడికూర చేసి పెట్టక్కా" అని మొదలుపెట్టాను.  గడప మీద కూలబడి ఏడుస్తూ అంతా చెప్పేశాను. గురక, టీవీ, డాక్టరు, ఆ ఏడు కోళ్ళు బతికేవన్న సంగతి, మందు గుడ్లు, మా ఇంట్లో వండకపోవడం, అన్నీ. ఆమె సొర కండ చిదమడం ఆపలేదు. నేను ఆగాక చెయ్యి కడుక్కుంది.

"తెలుసక్కా" అంది.

"ఏం తెలుసు?"

"నీ కోళ్ళకి జబ్బు చేసిందని. ఆ గురక నేను మర్చిపోతానా? నా కోళ్ళు పది రోజులు అట్నే గురకేసినాయి గదా. నువ్వు పొద్దస్తమానం టీవీ పెట్టుకోనుంటే అనుమానమొచ్చింది. నువ్వు టీవీ చూసే మనిషివి కాదు."

"మరి గుడ్లు..."

"అప్పట్నుంచి నా బిడ్డ ఒక్కటి గూడా తిన్లా. కొబ్బరిచెట్టు కింద పూడ్చినా. నా కోళ్ళ పక్కనే."

గుండెల మీద నుంచి బండ దిగింది. దిగిన మరుక్షణం కోపమొచ్చింది, ఎవరి మీదో నాకే తెలియలేదు. "తీసుకోవడమెందుకక్కా మరి? తెచ్చి నా మొహాన కొట్టకపోయావా?" అన్నాను.

"తీసుకోకపోతే ఎందుకని అడుగుతావు. నేను చెప్పాల. చెప్తే వీధిలో తెలుస్తాది. తెలిస్తే నువ్వు నాకు చెప్పినట్టే నీకూ ఎవురో ఒకరు చెప్తారు. సాకిన కోళ్ళని కొయ్యడం ఎట్టుంటాదో నాకు తెలుసు గదక్కా."

నేను తలెత్తలేకపోయాను. ఆమె కోడిని నా చంకలోంచి తీసుకుని, కాళ్ళు చూసి, కళ్ళు చూసి, ఒళ్ళో పెట్టుకుని నిమిరింది. మెల్లగానే అంది.

"ఆసుపత్రిలో మాత్రం నీ మొగమే చూస్తా ఉండినా. చెప్తావేమోనని. నా బిడ్డ తిన్లేదని నాకు తెలుసు. నీకు తెల్దు గదా అక్కా."

 

ఆ పెట్టను ఆమె కొయ్యలేదు. పెంచుకుంటోంది. వీధిలో ఆ ఏడు కోళ్ళది కొక్కెర కాదని, తప్పు నాదని నలుగురి ముందూ నేను చెప్పాను. చెబితే బరువు తగ్గుతుందనుకున్నాను. కొంచెమే తగ్గింది. కోడి గుడ్లకొచ్చాక, రెండు రోజులకో మూడు రోజులకో ఒకసారి, గోడ మీది గుంటలో ఒక గుడ్డు ఉంటోంది, ఆమె వైపు నుంచి నా కోసం. మొదటిసారి దాన్ని చూసి వెనక్కి తిరిగి వచ్చేశాను. "అక్కా, గుడ్డు పెట్టినా, పిల్లి తినకముందే తీసుకో" అని కేకేసింది.

సాయంత్రం కనబడినప్పుడు, వండుకున్నావా అక్కా అని అడుగుతుంది. వండుకున్నాననే చెప్తాను. నిజంగానే వండుకుంటాను. ఒక్కోసారి గొంతు దిగదు. అయినా నీళ్ళు తాగి మింగుతాను, పారెయ్యను.